డెడ్‌జోన్: ప్లేనా, పాసంగమా, పడావా?

నమస్కారం. ఈసారి నా ప్రశ్న పద్యం గురించి కాదు, ఆట సామాను గురించి. పెద్దలు మన్నించాలి.

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. సెలవులకు నల్లగొండలో మా ఇంటికి వస్తూ బట్టల సంచిలో ఒక జాయ్‌స్టిక్ పెట్టుకొచ్చాడు. ఎవరో వాడుకొని పక్కన పడేసింది చవకగా కొన్నాడట. దాన్ని నా కంప్యూటర్‌కు తగిలించి యుద్ధ విమానాల సిమ్యులేటర్‌లో స్పిట్‌ఫైర్ నడుపుతాడు. నడుపుతాడని నేను అంటున్నాను గానీ, మొదటి రోజంతా ఆ విమానమే వీణ్ని నడిపింది. కర్ర మీద నుంచి చెయ్యి తీస్తే చాలు, ఎడమ రెక్క దించుకుంటూ పోయి నేలను గుద్దుకునేది.

"మామా, డెడ్‌జోన్ పన్నెండు పెట్టిన. అయినా ఒరుగుతనే ఉన్నది. ఇంక పెంచాల్నా?"

నాకు ముందు అర్థం కాలేదు. వాడే చెప్పాడు. కర్ర నడిమిట్ల నుంచి ఎంత మేర కదిలేదాకా ఆట దాన్ని లెక్కచేయకూడదో, ఆ మేర పేరు డెడ్‌జోన్. పన్నెండు శాతం పెడితే కర్రను నూటికి పన్నెండు పాళ్లు అటు వంచినా, ఇటు వంచినా విమానానికి తెలియదు. ఆ గీత దాటాకే రెక్క కదులుతుంది.

"తెలుగులో ఏమంటార్రా దాన్ని?" అంటే "సావుజాగ" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే నా దగ్గర అంతకన్నా మంచి మాట లేదు. మా నాన్న జీవితమంతా ట్రాక్టర్ రిపేరు షెడ్డులో గడిచింది. ఆయన మంచం మీద నుంచి లేచి వచ్చి, ఆ కర్రను రెండు వేళ్లతో పట్టుకొని, కదిలీ కదలనట్టు ఆడించి చూశాడు. "దీనికి ప్లే ఉన్నది బిడ్డా" అన్నాడు.

ఇదీ సంగతి. డెడ్‌జోన్ అంటే ప్లేనా? కాకపోతే మన దిక్కు ఇంకో మాట ఉందా? నిఘంటువులో మాట కాదు, పొలంలోనో షెడ్డులోనో అంగడిలోనో నలిగిన మాట కావాలి.

సూర్యాపేట నుంచి:
నిష్క్రియా మండలం అనవచ్చు. మృత మండలం కన్నా నయం. అక్కడ ఎవరూ చావలేదు కదా.

నా జవాబు:
పుస్తకంలో రాసుకోవడానికి బాగుంది సార్. కానీ వెనక శత్రువు తగులుకున్నప్పుడు "నిష్క్రియా మండలం తగ్గించు" అనేలోపు మన తోక ఉండదు.

మిర్యాలగూడ నుంచి:
మీ నాన్నగారు చెప్పిందే రైటు. స్టీరింగ్ బెత్తెడు తిప్పినా ముందు టైర్లు కదలకపోతే ప్లే అంటరు. అది ఇంగ్లీషు మాట అని పక్కకు పెట్టకండి. ప్లే వచ్చింది, ప్లే తీయి, జర ప్లే ఇడువు. ఇన్ని తెలుగు క్రియలతో కాపురం చేసినంక ఆ మాట మనదే. ఇంకో సంగతి, ప్లే అంటే ఎప్పుడూ లోపమే అనుకోవద్దు. క్లచ్ పెడల్‌కు కొంత ప్లే ఇడవాల్సిందే. అసలే లేకుంట బిగిస్తే క్లచ్ జారి ప్లేటు కాలుతది. అంటే కావాలని ఇడిచే ప్లే కూడా ఉంటది. మీ పిలగాని డెడ్‌జోన్ గదే.

నా జవాబు:
ఈ వాదన నాకు నచ్చింది. నాన్నకు చదివి వినిపించాను. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "ప్లే ఇనుముల ఉంటది. వీడు తెర మీద గీత జరుపుతుండు. ఇనుము కదలకనా? కదులుతనే ఉన్నది, చెప్తనే ఉన్నది. ఆటనే ఇంటలేదు. గది ప్లే ఎట్లయితది?"

ఆలోచిస్తే ఆయన పట్టిందే అసలు ముడి. చాలా చవక జాయ్‌స్టిక్‌లలో కర్ర కింద చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి, పాత రేడియోలో వాల్యూమ్ గుండీ కింద ఉండే లాంటివే. లోపల కార్బన్ పట్టీ మీద ఒక లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. పట్టీ అరిగినా, దుమ్ము చేరినా కర్ర కదలకుండానే కంప్యూటర్‌కు పోయే అంకె అటూ ఇటూ గంతులేస్తుంది. హాల్ సెన్సర్ ఉన్నవాటిలో ఆ రాపిడి లేదు. అయస్కాంతం జరిగిన మేరను సెన్సర్ దూరం నుంచే పసిగడుతుంది. మొత్తానికి కర్ర చెప్పే మాటల్లో నడిమిట్ల వాగే వాగుడును వినకుండా ఉండటానికి ఆట చెవిలో పెట్టుకునే దూది డెడ్‌జోన్. కర్ర వదులైతే ప్లే. రెంటికీ చుట్టరికం ఉంది గానీ ఒకటి కాదు.

జడ్చర్ల నుంచి:
నేను బాదేపల్లి మార్కెట్‌ల పల్లికాయ కాటాలు చూసుకుంట పెరిగినోణ్ని. మీరు అందరూ మాట ఎతుకుతున్నరు గానీ రోగం చూస్తలేరు. చెయ్యి తీసినంక విమానం ఎప్పుడూ ఎడమకే ఒరుగుతుందా, లేక ఒకసారి అటు, ఒకసారి ఇటా? ఎప్పుడూ ఒకే దిక్కయితే అది ప్లే కాదు, పాసంగం. తక్కెడల ఏమీ పెట్టక ముందే ఒక పళ్లెం కిందికి దిగితే పాసంగం ఉన్నదంటరు. ఖాళీ తక్కెడ లేపి చూడకుంట సరుకు తూస్తే రైతు మునుగుతడు. మీ పిలగాడు ఖాళీ తక్కెడ చూసిండా?

నా జవాబు:
చూడలేదు. ఈ ఒక్క జవాబు కోసమైనా ఇక్కడ ప్రశ్న వేసినందుకు సంతోషం.

అదే రాత్రి ఇద్దరం కూర్చున్నాం. విండోస్‌లో జాయ్.సీపీఎల్ అని కొడితే గేమ్ కంట్రోలర్ల కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో తెల్లటి చదరం, దాని మధ్య చిన్న కూడిక గుర్తు. కర్ర ఎటు వంచితే గుర్తు అటు జరుగుతుంది. చెయ్యి తీసేశాం. గుర్తు నడిమికి రాలేదు. ఎడమకు, బియ్యపు గింజంత దూరంలో ఆగి, అక్కడే సన్నగా వణుకుతోంది. కర్రను కుడికి కొట్టి వదిలినా తిరిగి వచ్చి అక్కడే కూర్చుంది. నాన్న కళ్లద్దాలు పైకి జరిపి చూసి "ఇగో, ఖాళీ తక్కెడ" అన్నాడు.

అదే కిటికీలో కాలిబ్రేషన్ ఉంది. కర్రను ముట్టుకోకుండా వదిలి బటన్ నొక్కమంటుంది, తరువాత నాలుగు మూలలకూ తిప్పమంటుంది. చేశాం. గుర్తు నడిమికి వచ్చింది, వణుకు మాత్రం పోలేదు. ఆ వణుకుకు డెడ్‌జోన్ మూడు సరిపోయింది. పన్నెండు ఎందుకు పనిచేయలేదంటే, పాసంగం అంతకంటే ఎక్కువ ఉంది మరి. ఒకవేళ ఇరవై పెట్టి దాన్ని కప్పేసినా, కుడికి తిరగాలంటే ఎడమకు తిరిగేదానికి నాలుగు రెట్లకు పైగా దూరం వంచాల్సి వచ్చేది.

ఇంత చేశాక కూడా స్పిట్‌ఫైర్ కొంచెం ఎడమకు మొగ్గింది! నాకు చిరాకేసింది. మా అల్లుడు మాత్రం తాపీగా "ఇది కర్ర తప్పు కాదు మామా, ఇంజన్‌ది" అన్నాడు. ఆ విమానంలో మెర్లిన్ ఇంజన్ ప్రొపెల్లర్‌ను పైలట్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పుతుంది. దాని ఎదురు తోపుకు విమానం ఎడమకు ఒరగబోతుంది. తరువాత వచ్చిన గ్రిఫన్ ఇంజన్ స్పిట్‌ఫైర్లలో తిరుగుడు ఎదురు, ఒరుగుడు కూడా కుడికి. పైలట్ దగ్గర ముక్కు ఎత్తు సరిచేసే ట్రిమ్ చక్రం, చుక్కాని ట్రిమ్ చక్రం ఉంటాయి గానీ రెక్కల ఒరుగుడుకు లేదు. నిజం విమానంలో లేనిదాన్ని వీడి ఆటలో మాత్రం ఎక్కడి నుంచి తెస్తాం.

మాట దొరకలేదు గానీ మాట వెతకబోతే జబ్బు బయటపడింది. కర్రలో వదులుంటే ప్లే. నడిమి తప్పితే పాసంగం. ఇక మిగిలింది డెడ్‌జోనే.

కల్వకుర్తి నుంచి:
పడావు.

నా జవాబు:
ఒక్క మాటేనా? కొంచెం విప్పి చెప్పండి.

కల్వకుర్తి నుంచి:
చేనుల కొంత జాగ దున్నకుంట ఇడిస్తే పడావు. భూమి మనదే, దున్నితే పండుతది, కానీ ఈ ఏడు నాగలి పెట్టం. మీ కర్ర కింద నడిమిట్ల జాగ కూడా గంతే కద. కదులుతది, పనిచేస్తది, కానీ కావాలని లెక్కల నుంచి తీసేసిండ్రు. వద్దనుకుంటే రేపు మల్ల దున్నుకోవచ్చు. బీడు అననెందుకంటే బీడు ఏండ్లకు ఏండ్లు అట్లనే ఉంటది. బంచరాయి అసలే కాదు, అది ఊరందరి పశువులు మేసే జాగ.

వనపర్తి నుంచి:
మాట కుదిరింది గానీ నా నోటికి రాదండి. పడావు అంటే నాకు వానలు లేని ఏండ్లే యాదికొస్తయి. పాలమూరు లేబర్ అని బొంబాయి దాకా పేరు ఎందుకు పోయింది? భూములు పడావు పడబట్టే కద. పిల్లల ఆటలకు ఆ మాట తెచ్చుకోబుద్ధి కాదు.

కల్వకుర్తి నుంచి:
మా నాయన కూడా బొంబాయి పోయి పనిచేసినోడే, మీ బాధ నాకు తెలుసు. కానీ క్రియ చూడండి. వానలు లేక చేను పడావు పడుతది. మనిషి తలుచుకొని పడావు పెడుతడు. పడుడు వేరు, పెట్టుడు వేరు. మీరన్నది పడ్డ పడావు. నేనన్నది పెట్టిన పడావు.

నా జవాబు:
పడు, పెట్టు తేడా ఇంత పదునుగా నేను ఎన్నడూ చూడలేదు. బడిలో ఇరవై ఏళ్లుగా అకర్మకం, సకర్మకం అని బోర్డు మీద రాస్తున్నాను, ఒక్క పిల్లాడి ముఖంలోనూ వెలుగు కనిపించలేదు. వచ్చే పాఠానికి ఈ ఉదాహరణ వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి. అట్లే ఇంగ్లీషువాళ్లకు కూడా ఈ రెండు డెడ్‌జోన్లకూ ఒకటే మాట. సెన్సర్ పాడై నడిమిట్ల ఏమీ పలకకపోయినా డెడ్‌జోనే, మనం సెట్టింగ్‌లో పెట్టుకున్నా డెడ్‌జోనే. మనకు పడావు పడింది, పడావు పెట్టిన అని రెండున్నాయి.

దేవరకొండ నుంచి:
మీరందరూ ఎడమ, కుడి అంటుంటే నాకు మా తాత యాదికొచ్చిండు. అరక కడితే ఆయనకు కుడి ఎడమలు లేవు. ఎలపట, దాపట అంతే. ఎలపట అంటే వలపట, కుడి దిక్కు. దాపట ఎడమ దిక్కు. తమిళంలో కుడికి వలం, కన్నడంలో బల. మన వల కూడా ఆ ఇంటి పిల్లనే. మీ స్పిట్‌ఫైర్ దాపటికి గుంజుతుందన్న మాట. దాపటెద్దు బలంగ ఉంటే అరక ఒక దిక్కు తిరుగుడు మామూలే.

ఇంకొకటి. మీ సెట్టింగుల్లో యాక్సిస్ అనే మాట ఉంటది కద. సంస్కృతం అక్షం, లాటిన్ యాక్సిస్ ఒకే మూలం నుంచి వచ్చినవి. రెంటికీ బండి ఇరుసు అనే అర్థం ఉంది. కాబట్టి పిచ్ యాక్సిస్, రోల్ యాక్సిస్ అని తిప్పలు పడకుండా ఎత్తు ఇరుసు, ఒరుగు ఇరుసు అనుకోవచ్చు. సుమతీ శతకంలో ఉండనే ఉంది: "ఇరుసునఁ గందెనఁ బెట్టక పరమేశ్వరు బండియైనఁ బాఱదు సుమతీ". పరమేశ్వరుని బండికే తప్పనిది మీ అల్లుని జాయ్‌స్టిక్‌కు తప్పుతుందా!

నా జవాబు:
ఆ పద్యం మొదటి సగం కరణాన్ని మంచి చేసుకోమని చెబుతుంది. మన దిక్కు కరణం అంటే పట్వారీ. ఆ సగాన్ని పిల్లలకు నేర్పాలంటే ఇప్పటికీ నాకు మొహమాటమే. ఇరుసు సగం మాత్రం తీసుకుంటాను. నాన్న అప్పటికే కర్ర కింది రబ్బరు తొడుగు తీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టాడు. కందెన మాత్రం పెట్టనివ్వలేదు. కార్బన్ పట్టీ మీద గ్రీజు పడితే వణుకు ఇంకా పెరుగుతుందట. ఆ ఒక్క చోట శతకం పనిచేయదు.

గద్వాల నుంచి:
కర్వ్‌కు ఏమంటరు మరి? మా తమ్ముడు అదే పెడుతుంటడు ఎప్పుడూ.

నా జవాబు:
కర్వ్ అంటే కర్ర ఎంత వంచితే విమానానికి ఎంత అందాలో చెప్పే గీత. మా అల్లుడి నోట దానికి మాట తయారుగా ఉంది. "మధ్యల నిమ్మళం, అంచుల జోరు" అన్నాడు. లెక్క కూడా చూపించాడు. కర్ర వంపులో 80 పాళ్లు ఉన్నదున్నట్టు, 20 పాళ్లు దాని ఘనం తీసుకుంటే, సగం వంచినప్పుడు 50కి బదులు 42.5 శాతమే పోతుంది. పూర్తిగా వంచితే మళ్లీ నూటికి నూరు. గురి పెట్టేటప్పుడు కర్ర నడిమి చుట్టూనే ఆడుతుంది కాబట్టి అక్కడ నిమ్మళం కావాలి. వక్రత అంటే గీత ఆకారం తెలుస్తుంది. నిమ్మళం అంటే చేతికి ఎట్లుంటుందో తెలుస్తుంది. ‘కర్వ్ ఇరవై పెట్టు’ అనే బదులు ఇంట్లో ఇప్పుడు ‘నిమ్మళం ఇరవై’ నడుస్తోంది.

ఒక్కటి మిగిలింది. సాచురేషన్ అని ఇంకో గీత ఉంది. దాన్ని తొంభైకి తెస్తే కర్ర తొంభై పాళ్లు వంగగానే విమానానికి నూరు పాళ్లూ అందుతాయి. ఆఖరి పది పాళ్లు ఇక వట్టివే. దీనికి ఏమందాం?

నకిరేకల్ నుంచి:
అది కూడా చేన్లనే ఉన్నది సార్. గెట్టు లోపటికి జరుపుడు.

నా జవాబు:
నాన్నకు చెప్పాను. "జరిపింది మనమేనా, పక్క చేనోడా?" అని అడిగాడు.