అక్రమ్ ఖాన్ చేసేదాన్ని కథక్ అనొచ్చా?

గజ్జెలమోత: అక్రమ్ ఖాన్ 1974లో లండన్‌లో బంగ్లాదేశీ కుటుంబంలో పుట్టాడు. ఏడేళ్లకే ప్రతాప్ పవార్ దగ్గర ఉత్తరాది శాస్త్రీయ నృత్యం కథక్ మొదలుపెట్టాడు, టీనేజ్‌లో బ్రిటిష్ నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ మహాభారతంలో నటించాడు, తర్వాత కాంటెంపరరీ డాన్స్ చదివాడు. ఇప్పుడు మాట, నటన, యానిమేషన్, బ్యాలే అన్నీ ఒకే వేదిక మీదకి తెస్తాడు. గొప్ప కళాకారుడే, కాదనను. కానీ కథక్ పేరు దేనికి? నాలుగు చక్కర్లు కొడితే కథక్ అయిపోదు.

వీధిభాగవతం: నాలుగు చక్కర్లేనా అండీ? 2011 నాటి ఆయన సోలో ప్రదర్శన 'దేశ్' చూడండి. గుండు మీద ముఖం గీసుకుని, తల వంచి, వంటవాడైన తండ్రి అయిపోతాడు. ఒక్కడే పాత్రలు మార్చుకుంటూ కథ చెప్పడం కథక్‌కి మూలమైన కథకుల పనే కదా. పోనీ మన కూచిపూడి సంగతి? మగవాళ్ల మేళాలు ఆడిన యక్షగానం ఇవాళ ఆడపిల్లలు చేసే సోలో అయింది. అది కూచిపూడి కాదంటారా?

గజ్జెలమోత: కూచిపూడి తనలో తాను మారింది. ఇక్కడ కథక్‌ని ఇంకో చట్రంలో బిగించారు. పైగా యూరప్ ఫెస్టివళ్లలో ఒట్టి కథక్ కచేరీకి అంత పెద్ద హాలు, అంత డబ్బు ఇస్తారా? మార్కెట్ అడిగిన కలగలుపు ఇది.

తబలాప్రియ: డబ్బు మాట నిజమే, ఒప్పుకోక తప్పదు. కానీ 2012 లండన్ ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో ఆయన చేసిన నృత్యాన్ని అమెరికాలో ఎన్‌బీసీ టీవీ చూపించనే లేదు, దాని బదులు ఈతగాడు ఫెల్ప్స్ ఇంటర్వ్యూ వేసింది. అంత 'మార్కెట్ సరుకు'కి దక్కిన మర్యాద అది! 2018 నాటి 'జెనోస్' సంగతికొస్తే, అది మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌వాళ్ల తరఫున పోరాడిన భారతీయ సిపాయి కథ. అతను కథక్ నర్తకుడు. కాళ్లకున్న గజ్జెలే సంకెళ్లవుతాయి. కథక్ తెలియనివాడికి ఆ ఊహ రాదు. అన్నట్టు అందులో వినిపించేది మృదంగం, ఉత్తరాది తబలా కాదు. శుద్ధత గురించి మాట్లాడేవాళ్లు ముందు దానికి అభ్యంతరం చెప్పాలి.

గజ్జెలమోత: గజ్జెల ఘట్టం బలమైనదే, నిజం. అయినా పోస్టర్ మీద 'కథక్ ప్రదర్శన' అని వేస్తే టికెట్ కొన్నవాడు ఏం ఆశించాలి?

వీధిభాగవతం: ఆయన పోస్టర్ మీద అలా ఎక్కడ వేశారో చూపించండి, మాట్లాడుకుందాం.