ఊపిరితిత్తుల ‘నాడ్యూల్’ను కణితి అనవచ్చునా?

ప్రశ్న: గ్రాన్యులోమాటోసిస్ విత్ పాలియాంజైటిస్ అనే అరుదైన జబ్బు గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. స్కాన్ నివేదికల్లో వచ్చే ‘నాడ్యూల్’ను (ఊపిరితిత్తుల్లో గుండ్రంగా కనిపించే చిన్న ఉండను) కణితి అనాలా, గడ్డ అనాలా? పెద్దలు చెప్పగలరు.

సమాధానం: ఈ జబ్బు విషయంలో ‘కణితి’ వాడవద్దని నా గట్టి విన్నపం. ఆ మాట చదవగానే కణాలు అదుపు తప్పి పెరిగాయన్న భావమే పాఠకుడికి కలుగుతుంది. ఇక్కడ మన రోగనిరోధక వ్యవస్థే చిన్న రక్తనాళాల గోడలపై దాడి చేయగా, చుట్టూ ఉన్న కణజాలం వాచి, కొంత చచ్చి, ఉండకడుతుంది; ఒక్కోసారి దాని నడుమ బోలు కూడా ఏర్పడుతుంది. దగ్గితే రక్తం పడటం, బరువు తగ్గడం తోడైతే సీటీ చూసినవారికి క్యాన్సర్ అనుమానం రావడం సహజం, మన దేశంలో క్షయ అనుమానం కూడా. ముక్కు, మూత్రపిండాల లక్షణాలు, రక్తంలో ఆంకా (ANCA, సొంత తెల్ల రక్తకణాలపైనే పనిచేసే) ప్రతిరక్షకాలు అసలు జబ్బు వైపు దారి చూపినా, క్యాన్సర్ కాదని తేల్చడానికి తరచు బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయవలసి వస్తుంది. పైగా దీనికి స్టెరాయిడ్లతో పాటు ఇచ్చే రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ క్యాన్సర్‌కూ వాడే మందులే కనుక, మందుచీటీ చూసి భయపడిన కుటుంబం మీ వ్యాసంలో ‘కణితి’ అని చదివితే ఆ భయం రూఢి అయిపోతుంది.

‘గడ్డ’ మరీ విశాలమైన మాట: ఉల్లిగడ్డ, మంచుగడ్డ, సెగగడ్డ అన్నీ అందులో ఇముడుతాయి. నా ఎంపిక ‘బుడిపె’. చిక్కుడు జాతి మొక్కల ‘వేరుబుడిపెలు’ బడి పుస్తకాల్లో చదివినవారికి అది కొత్త కాదు. ఆకారాన్ని మాత్రమే చెబుతుంది, కారణాన్ని ముందే తేల్చదు.

ప్రశ్న: ధన్యవాదాలండీ. మరి ‘మాస్’ అని రాసి ఉంటే?

సమాధానం: 3 సెంటీమీటర్లకు మించినదాన్ని ఊపిరితిత్తుల స్కాన్‌లో అలా అంటారు, ‘ముద్ద’ అనండి. ఇంకొక సూచన: ఈ జబ్బును ఇంతకుముందు జర్మన్ వైద్యుడు ఫ్రెడరిక్ వెగెనర్ పేరుతో పిలిచేవారు; ఆయనకు నాజీ పార్టీతో ఉన్న సంబంధం బయటపడ్డాక, వైద్య సంఘాలు 2011లో ఆయన పేరు తీసేసి ఇప్పటి పేరు పెట్టాయి. అయినా పాత నివేదికలు దాచుకున్న రోగుల కోసం ‘వెగెనర్స్’ అన్న పేరును ఒక్కసారి ప్రస్తావించండి.