మోకాళ్ళ అరుగుదలకు పీఈఎంఎఫ్ మిషన్: కొనాలా, అద్దెకా, అసలు వద్దా? (బెంగళూరు)

వర్తూరు_వాసి

అమ్మకు 63 ఏళ్ళు. ఎక్స్‌రేలో కుడి మోకాలు అరుగుదల గ్రేడ్ 3, ఎడమది గ్రేడ్ 2 (గ్రేడ్ 4 అంటే బాగా అరిగిపోయినట్టు). ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదన్నారు. బీపీ మందు వాడుతోంది కాబట్టి నొప్పి మాత్రలు రోజూ వేసుకోవద్దన్నారు. ఇక్కడ ఒక సెంటర్‌లో పీఈఎంఎఫ్, అంటే విడతలు విడతలుగా వచ్చే అయస్కాంత తరంగాల చికిత్స, 21 సెషన్లు, డబ్బంతా ముందే కట్టాలి, గుజ్జు మళ్ళీ పెరుగుతుంది అంటున్నారు. ఆన్‌లైన్‌లో ఇంట్లో వాడే ప్యాడ్‌లు కూడా ఉన్నాయి. ఒకదాని మీద 30 గాస్ (అయస్కాంత బలానికి కొలత) అని, ఇంకోదాని మీద 7,000 గాస్ అని రాశారు. గాస్ ఎక్కువుంటే మంచిదా? మిషన్ నిజంగా పనిచేస్తోందో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

ఫిజియో_జయనగర

ముందు గుజ్జు సంగతి. ఈ చికిత్సతో అరిగిన గుజ్జు మనిషి మోకాలిలో తిరిగి పెరుగుతుందని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదండి. ఆ మాట మీద ప్యాకేజీ అమ్మేవాళ్ళకు ముందే డబ్బు కట్టకండి.

అలాగని ఇది ఉత్త బూటకమూ కాదు. ఎముకను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1957లో జపాన్‌లో ఫుకాడా, యసూదా చూపించారు. ఆ దారిలోనే కొలంబియా యూనివర్సిటీలో బాసెట్ బృందం అతుక్కోని ఎముకల మీద పనిచేసింది. 1979లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ ఈ పద్ధతికి అనుమతిచ్చింది. ఆ అనుమతి విరిగి అతకని ఎముకకు. మోకాలి అరుగుదలకు అమ్మే బ్రోషర్‌లో కూడా ఆ పేరు వాడుకుంటారు, అక్కడ జాగ్రత్త.

నొప్పి సంగతికి వస్తే, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ వాళ్ళు 2013లో కీళ్ళ అరుగుదల మీద 9 ట్రయల్స్, 636 మంది ఫలితాలను కలిపి చూశారు. ఉత్తుత్తి మిషన్ పెట్టినవాళ్ళకంటే అసలు మిషన్ పెట్టినవాళ్ళకు 100 పాయింట్ల స్కేలు మీద సుమారు 15 పాయింట్లు ఎక్కువ తగ్గింది. అది 4 నుంచి 26 వారాలు వాడాక. పనులు చేసుకోవడం సులువైందా అన్నది మాత్రం గట్టిగా తేలలేదు. అంటే నొప్పి కాస్త దిగొచ్చు, మెట్లు ఎక్కే సత్తువ మిషన్ ఇవ్వదు. అది తొడ కండరం ఇవ్వాలి.

కాబట్టి వ్యాయామం మానేసి మిషన్ పెడితే దండగ. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి దాన్ని కిందకు నొక్కి 5 సెకన్లు ఆపడం, కాలు చాపి అడుగు ఎత్తు లేపడం, ఎత్తైన కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం. ఒక్కోటి 10 చొప్పున 3 విడతలు. చేసేటప్పుడు నొప్పి 10లో 5 దాటకూడదు, మరుసటి రోజుకు మామూలు స్థాయికి దిగాలి. దిగలేదంటే విడతలు తగ్గించండి, మానెయ్యకండి. బాసింపట్లు, పీట మీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం కొన్నాళ్ళు ఆపించండి. చేతికర్ర ఎక్కువ నొప్పి ఉన్న కాలికి ఎదుటి వైపు చేతిలో ఉండాలి, చాలామంది తలకిందులుగా పట్టుకుంటారు.

నొప్పి మాత్ర వద్దన్నారు కాబట్టి 1% డైక్లోఫెనాక్ జెల్ గురించి డాక్టరుగారిని అడగండి. దాని డోసు మోకాలికి 4 గ్రాములు, రోజుకు 4 సార్లు. ఆ లెక్కన 30 గ్రాముల ట్యూబు ఒక్క మోకాలికే రెండు రోజులు రాదు. మనవాళ్ళు శనగగింజంత రాసి పనిచేయలేదంటారు.

కాయిల్_చుట్టేవాడు

గాస్ లెక్క నేను చెప్తాను. 10 గాస్ అంటే 1 మిల్లీటెస్లా. బెంగళూరులో భూమి క్షేత్రం సుమారు 0.4 గాస్. అయితే అసలు విషయం గాస్ కాదు, అది ఎంత వేగంగా మారుతోందన్నది. మారే క్షేత్రమే ఒంట్లో చిన్న కరెంటును పుట్టిస్తుంది. అందుకే అయస్కాంతపు కంకణాలు, పరుపులు వేరే సరుకు. వాటిలో క్షేత్రం మారదు, పుట్టేదేమీ ఉండదు. ‘భూమి నాడి 7.83 హెర్ట్జ్’ (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు అని) అని అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. భూమి చుట్టూ అలాంటి విద్యుదయస్కాంత ప్రతిధ్వని ఉన్నది నిజమే, కానీ దాని బలం పికోటెస్లాల్లో ఉంటుంది, పికోటెస్లా అంటే మిల్లీటెస్లాలో వంద కోట్లో వంతు. ప్యాడ్‌లో మిల్లీటెస్లాలు పంపిస్తూ ఆ పేరు చెప్పుకోవడం సరదాగా ఉంటుంది.

డబ్బా మీద రాసే గాస్ చాలాసార్లు కాయిల్‌కు (ప్యాడ్ లోపలి తీగ చుట్టకు) ఆనించి కొలిచిన గరిష్ఠం. కీలు మధ్యభాగం చర్మం నుంచి 5 సెంటీమీటర్లు లోపల ఉందనుకోండి. 20 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రటి కాయిల్ అయితే అక్కడికి 72% చేరుతుంది. 6 సెంటీమీటర్ల చిన్న కాయిల్ అయితే 14% మాత్రమే. అందుకని మోకాలికి పెద్ద కాయిల్‌తో 30 గాస్, బిళ్ళంత కాయిల్‌తో 100 గాస్ కంటే మెరుగు. 7,000 గాస్ రకంలో కెపాసిటర్‌లో నిలవచేసిన కరెంటును ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతారు, కండరం ఎగిరెగిరి పడుతుంది. అది ఇంట్లో పెట్టుకునేది కాదు.

రెండు ప్యాడ్‌లు మోకాలికి అటూ ఇటూ పెట్టే సెట్ అయితే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఒక ప్యాడ్ తిరగేసి కడితే రెండింటి క్షేత్రాలూ సరిగ్గా మధ్యలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిషన్ మోగుతుంది, టైమర్ తిరుగుతుంది, కీలుకు చేరేది సున్నా. ప్యాడ్ మీద బాణమో చుక్కో ఉంటుంది. రెండు బాణాలూ ఒకే దిక్కు చూడాలి.

ఇక పరీక్ష. 1, 2 హెర్ట్జ్‌లో పెట్టి దిక్సూచి దగ్గరకు తెస్తే ముల్లు ఊగాలి. 50 హెర్ట్జ్‌లో ముల్లు అందుకోలేదు, ఊగలేదని మిషన్ చెడిందనుకోవద్దు. ఫోన్‌లో ఫైఫాక్స్ యాప్ మాగ్నెటోమీటర్ వాడొచ్చు, కానీ ప్యాడ్‌కు 20, 30 సెంటీమీటర్ల దూరం నుంచే మొదలుపెట్టండి. ఆనిస్తే సెన్సర్ నిండిపోతుంది. సెన్సర్ సెకనుకు 100 సార్లకు అటూఇటూ చదువుతుంది కాబట్టి 40 హెర్ట్జ్ పైన ఆ అంకెలు నమ్మకండి.

ఇంకా మంచిది కావాలంటే ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్.పి. రోడ్‌లో 36 గేజ్ ఎనామెల్ రాగి తీగ తెచ్చి 3 సెంటీమీటర్ల గొట్టం మీద 100 చుట్లు చుట్టండి. కొసల ఎనామెల్ గీకి మల్టీమీటర్‌కు ఏసీ మిల్లీవోల్ట్‌లో కలపండి. 50 హెర్ట్జ్ సైన్ తరంగం, గరిష్ఠం 10 గాస్ అయితే దాదాపు 16 మిల్లీవోల్టులు చూపిస్తుంది. పల్స్ తరంగానికి అంకె కచ్చితంగా రాదు, కానీ కాయిల్ బతికుందా, దూరం పెరిగితే ఎంత పడిపోతోందన్నది తెలుస్తుంది. వాడినకొద్దీ పోయేది ప్యాడ్‌లోకి వైరు వెళ్ళే చోట, మడత పడే మెడ దగ్గర తీగ. లైటు వెలుగుతూనే ఉంటుంది. ప్లగ్ ఊడదీసి ఓమ్స్ చూడండి, మీటర్ ‘ఓఎల్’ అంటే తెగినట్టే.

వర్తూరు_వాసి

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఇంకో రెండు సందేహాలు. చీర మీద నుంచి పెట్టొచ్చా? నాన్నకు పేస్‌మేకర్ ఉంది. ఆయన పక్కన కూర్చుంటే ఇబ్బందా?

ఫిజియో_జయనగర

చీర అడ్డు కాదు. ఇనుప పట్టీలున్న మోకాలి బెల్టు మాత్రం తీసేయండి.

నాన్నగారి విషయంలో రాజీ లేదు. మిషన్ వేరే గదిలో పెట్టి వాడండి, ఆయన ఉన్నప్పుడు ఆన్ చేయకండి, మంచం మీద వదిలేయకండి. ఇంట్లోకి తెచ్చేముందే పేస్‌మేకర్ చూసే డాక్టరుకు చెప్పండి. ఇన్సులిన్ పంపు, చెవిలో కోక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్ళు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు కూడా దూరంగా ఉండాలి.

సెంటర్‌లో ఒక్క ప్రశ్న అడగండి: ఫ్రీక్వెన్సీ ఎంత? 27.12 మెగాహెర్ట్జ్ అంటే అది షార్ట్‌వేవ్ డయాథర్మీ, వేడి పుట్టించే రకం. ఒంట్లో లోహపు ప్లేట్లు, స్క్రూలు ఉన్నవాళ్ళకు అది లోపల కాల్చేయొచ్చు. రెండింటినీ ‘మాగ్నెటిక్’ అనే పిలిచే చోట్లున్నాయి.

కొనకండి, అద్దెకు తెచ్చి చూడండి. మొదటి వారం మిషన్ లేకుండా రోజూ సాయంత్రం అదే వేళకు నొప్పి 10లో ఎంతో రాయించండి. 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీలోంచి 30 సెకన్లలో చేతులు ఛాతీ మీద కట్టుకుని ఎన్నిసార్లు లేవగలరో వారానికి ఒకసారి లెక్కపెట్టండి. తర్వాత 6 వారాలు మిషన్ పెట్టండి, మాన్యువల్ చెప్పినంతసేపు. ఆ మధ్యలో కొత్త మందు, కొత్త జెల్ ఏదీ మొదలుపెట్టకండి, వ్యాయామం మాత్రం ఆ మొదటి వారానికి ముందునుంచే ఉండాలి. నొప్పి సగటు కనీసం 2 పాయింట్లు దిగకపోతే తిరిగి ఇచ్చేయండి. దిగితే రెండు వారాలు ఆపి చూడండి. నొప్పి మళ్ళీ పెరిగితే అప్పుడు కొనే మాట.

ఈలోగా మోకాలు ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం వచ్చినా, పొద్దున్నే బిగుసుకుపోయి అరగంట దాటినా వదలకపోయినా మిషన్ పక్కనపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

కాయిల్_చుట్టేవాడు

అద్దెకు తెచ్చినా లేబుల్ చూడండి. తయారీ లేదా దిగుమతి లైసెన్స్ నంబర్ ఉండాలి. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి ఎ నుంచి డి వరకు విడదీశాయి. వాటి కింద బి తరగతికి 2022 అక్టోబర్ 1 నుంచి, సి, డి తరగతులకు 2023 అక్టోబర్ 1 నుంచి లైసెన్స్ తప్పనిసరి. నంబర్ లేకుండా ‘వెల్‌నెస్’ అని రాసి నొప్పి తగ్గుతుందని నోటితో చెప్పేవాటిని వదిలేయండి.

వర్తూరు_వాసి

రేపటి నుంచే నొప్పి అంకెలు రాయిస్తాను. ఇంట్లో కుర్చీ 40 సెంటీమీటర్లే ఉంది, దిండు వేయనా?

ఫిజియో_జయనగర

దిండు నొక్కుకుపోతుంది, లెక్క మారిపోతుంది. కాళ్ళ కింద చెక్క ముక్కలు గట్టిగా బిగించండి, లేదంటే అదే కుర్చీని ప్రతిసారీ వాడండి. మనకు కావాల్సింది ఆమె వారం వారం తేడా. కుర్చీని గోడకు ఆనించండి, పక్కన ఎవరైనా ఉండండి.