మొదట బాగా పనిచేసిన కీమో ఇప్పుడు ఎందుకు పనిచేయట్లేదు?

వానచినుకు: అమ్మకి అండాశయ క్యాన్సర్. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఆరు సైకిళ్ళు అయ్యాయి. రక్తంలో క్యాన్సర్ జాడ చెప్పే సీఏ-125 బాగా దిగింది. ఐదు నెలలు తిరక్కుండానే మళ్ళీ పెరిగింది. ప్లాటినం రెసిస్టెన్స్ అంటున్నారు, అంటే కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందులకి క్యాన్సర్ లొంగట్లేదట. ఎందుకిలా అవుతుంది? వేరే మందు ఇచ్చినా ఇంతేనా? మధ్యలో రక్తకణాలు తగ్గి ఒక సైకిల్ వారం వాయిదా పడింది. దానివల్లేనా అని అమ్మ రోజూ అడుగుతోంది.

రాతిగడప: మా నాన్నకీ ఇంతే జరిగింది. ఒళ్ళు మందుకి అలవాటు పడిపోతుందండీ.

ల్యాబ్‌కోటు: ఒళ్ళు కాదు! పదకొండేళ్ళు ల్యాబులో క్యాన్సర్ కణాల్నే పెంచాను. ఫ్లాస్కులో మందు వేస్తే అన్నీ చచ్చి పైకి తేలతాయి. రెండు వారాలాగి చూస్తే ఒక మూల నాలుగైదు కణాలు అడుగుకి అంటుకుని ఉంటాయి. నెలకల్లా ఫ్లాస్కు నిండా వాటి పిల్లలే. అవి తట్టుకోగలిగినవి, ముందునుంచే ఉన్నాయి.

రాతిగడప: మా డాక్టరు గారు మందు మొదలయ్యాకే కణాల్లో పంపులు పెరిగాయన్నారు. ఆయనకి తెలియదా?

ల్యాబ్‌కోటు: తెలియదని నేనన్నానా? ‘అలవాటు’ అన్న మాటే తప్పంటున్నాను. ఆ మాట విని పేషెంట్లు తమ ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుంటారు.

రాతిగడప: నాన్న పోయి ఏడాది కాలేదు. నాకు మాటలు దిద్దకండి.

నిదానం: ఇద్దరూ ఆగండి. రెండూ జరుగుతాయి. కొన్ని కణాలు ముందే ఉంటాయి, కొన్ని మందు తగిలాక మారతాయి. ఆ పంపు పేరు పి-గ్లైకోప్రోటీన్. 1976లో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు హ్యామ్‌స్టర్ కణాల్లో కనిపెట్టారు. పాక్లిటాక్సెల్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్ అన్నిటినీ బయటికి తోసేస్తుంది.

ల్యాబ్‌కోటు: కార్బోప్లాటిన్‌ని తోయదు. అడిగింది ప్లాటినం గురించి. ఆ మందు డీఎన్ఏని దెబ్బతీస్తుంది, కణం ఆ దెబ్బని బాగుచేసుకోవడం నేర్చిందంటే మందు ఓడిపోతుంది. ఆ దెబ్బని బాగుచేసే బీఆర్‌సీఏ జన్యువు చెడినవాళ్ళకి ప్లాటినం మొదట బాగా పనిచేసేది అందుకే. కొందరిలో ట్యూమర్ కణాల్లో రెండో మార్పు వచ్చి ఆ జన్యువు మళ్ళీ పనిలో పడుతుంది.

మూడోగది: పంపుని ఆపే మందు లేదా మరి?

నిదానం: వెరపమిల్ అనే గుండె మందు పంపుని ఆపుతుందని 1981లోనే ల్యాబులో చూపించారు. మనుషుల్లో అంత డోసు ఇస్తే గుండెకే ప్రమాదం. తర్వాత వచ్చినవీ ట్రయల్స్‌లో నిలబడలేదు.

గెలుపుబాట: నాది సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్. ఇమాటినిబ్ అనే మందు పనిచేయడం మానేస్తే మ్యుటేషన్ టెస్ట్ చేశారు, టి315ఐ అనే జన్యు మార్పు ఉందని తేలింది. పొనాటినిబ్‌కి మార్చారు. రెండేళ్ళుగా ఆఫీసుకి వెళ్తున్నాను! వానచినుకు గారూ, ఆశ వదలకండి.

రాతిగడప: అది కీమో కాదు, జబ్బూ వేరు. ఆవిడకి దాంతో ఏం పని?

గెలుపుబాట: ధైర్యం చెప్పడం కూడా తప్పేనా?

నిదానం: 1948లో ఫార్బర్ అనే డాక్టరు 16 మంది లుకేమియా పిల్లలకి అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందికి తగ్గింది, కానీ మళ్ళీ తిరగబెట్టింది. ఒక్క మందుని దాటేసిన కణం ఇంకోదానికి చిక్కుతుందనే తర్వాత నాలుగేసి మందులు కలిపి ఇచ్చారు.

మూడోగది: ఆ వాయిదా సంగతి ఎవరూ చెప్పలేదు. రక్తకణాలు పడిపోతే వారం ఆపడం డాక్టర్లు మామూలుగా చేసేదేనండీ. అమ్మగారు చేసిన తప్పు కాదు.

వానచినుకు: ఈ ఒక్క జవాబు అమ్మకి చదివి వినిపించాను. దిండు కింద పెట్టుకున్న పాత రిపోర్టు తీసి నా చేతికిచ్చింది. బీఆర్‌సీఏ టెస్ట్ చేశారో లేదో అందులో లేదు. రేపు అడుగుతాను. రాతిగడప గారూ, నాన్నగారికి ఏ మందులు ఇచ్చారో వీలైతే రాయండి.