పెట్టెలో తేమ సరిగానే ఉంది, అయినా సిగార్ ఒక పక్కే కాలుతోంది

సిగార్లు దాచేది స్పానిష్ సెడార్ చెక్క పెట్టెలో, లోపల తేమను 69 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు, 21 డిగ్రీలు. హైగ్రోమీటర్‌ (తేమ కొలిచే మీటర్) ఉప్పు పరీక్షలో (తడి ఉప్పుతో కలిపి మూసిపెడితే 75 శాతం చూపాలి) సరిగ్గా 75 చూపింది, కాబట్టి దానిమీద అనుమానం లేదు. అయినా రోబస్టోలు (పొట్టి, లావు సిగార్లు) మూడో వంతు కాలేసరికి నిప్పు ఒక పక్క ముందుకు పోతుంది, రెండో పక్క పై ఆకు నల్లగా, చెమ్మగా అలాగే ఉండిపోతుంది. దమ్ము బిగుసుకుంటుంది, కాసేపు పక్కన పెడితే ఆరిపోతుంది. సన్నవాటికి ఈ బెడద లేదు, అదే వింత.

అంచు నిదానంగా వేడిచేసి వెలిగించాను. వెనకబడ్డ పక్కకి లైటర్ చూపించాను (అది కాసేపటి ముచ్చటే). 65 శాతం ప్యాకెట్లు వేసి రెండు వారాలైంది. మీటర్ 65కి దిగింది గానీ కాలే తీరు మారలేదు. ముందురోజు బయట ఆరబెడితే కొంచెం నయం, కానీ పై ఆకు చిట్లుతోంది.

లావు సిగార్లలో లోపలి ఆకుదాకా తేమ 65కి దిగాలంటే మామూలుగా ఎన్ని వారాలు పడుతుంది?