ఆటోగైరో కూలింది, రోటర్ ప్లేటు అల్యూమినియంతో చేయించొచ్చా?

వైండింగ్_షాపు:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం పక్కన. పోయిన ఆదివారం వేరుశనగ పీకేసిన చేలో నా ఆటోగైరోను మొదటిసారి ఎగరేశాను. రిమోట్‌తో నడిపే చిన్న మోడల్ ఇది; ప్రొపెల్లర్ ముందుకు నడిపిస్తే, పైనున్న రోటర్ మోటార్ లేకుండా గాలికే తిరిగి దాన్ని పైకి లేపుతుంది. ఎగరేశాననడం గొప్ప, విసిరేశాను. నాలుగు బారలు కూడా పోకముందే ఎడమకు ఒరిగింది. రిమోట్ స్టిక్ పూర్తిగా కుడికి కొట్టినా వినలేదు. నేరుగా గట్టుకు తగిలింది.

మూడు రెక్కలు, రోటర్ కొస నుంచి కొసకు 95 సెం.మీ., బ్యాటరీతో బరువు 720 గ్రాములు. ఒక బాల్సా రెక్క నడిమికి విరిగింది. రోటర్‌ను మోసే నిలువు కమ్మీ, అదే మాస్టు, మొదట్లో ఊడింది. స్టిక్ చెప్పినట్టు కదిలించే చిన్న మోటార్లలో (సర్వో) ఒకదానికి పళ్లు రాలాయి. రెక్కలు బిగించే మూడు మూలల ఫైబర్ ప్లేటు బోల్టు రంధ్రం దగ్గర చీలింది.

నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది, పక్కనే లేత్. ఆ ప్లేటును 3 మి.మీ. అల్యూమినియంతో కోయిస్తే ఇక జన్మలో విరగదు కదా? విరిగిన రెక్కకు ఫెవిక్విక్ సరిపోతుందా?

పాతరెక్క:
అల్యూమినియం మాత్రం వద్దన్నా. ఆ ప్లేటు పని రెక్కల్ని పట్టుకోవడం ఒక్కటే కాదు, వంగడం కూడా. ముందుకు వచ్చే రెక్కకు గాలి ఎక్కువ తగులుతుంది, వెనక్కి పోయే రెక్కకు తక్కువ. ప్లేటు వంగితే మొదటిది కాస్త పైకి లేచి, రెండోది కిందికి దిగి తేడా సర్దుకుంటుంది. వంగకపోతే ఆ బలమంతా మోడల్‌ను పక్కకు దొర్లిస్తుంది.

స్పెయిన్‌లో ఆటోగైరో కనిపెట్టిన హువాన్ దె లా సియెర్వా మొదటి మెషిన్లు ఇట్లాగే పక్కకు పడిపోయేవి. ఆయన చేసిన చిన్న మోడల్ మాత్రం బాగా ఎగిరేది, ఎందుకంటే దాని రెక్కలు పేముతో చేసినవి, వంగేవి. అది గమనించి పెద్దదానిలో రెక్కల మొదట్లో కీళ్లు పెట్టాడు. 1923 జనవరిలో ఎగిరింది. మీరు లేత్ దగ్గరికి పోతే ఆయన వదిలేసిన చోటికే పోతారు.

బాల్సా_పొట్టు:
ప్లేటు సంగతి అన్న చెప్పారు. అసలు మీది ప్లేటు వల్ల పడలేదు సార్. రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతుంది కదా? అది సరిపడా తిరగకముందే వదిలితే ఎడమకే పడుతుంది. రోటర్ నెమ్మదిగా ఉంటే స్టిక్ ఎటు కొట్టినా లాభం లేదు. నేనూ రెండు మోడల్స్ ఇట్లాగే పోగొట్టుకున్నాను, రెండోసారి మా ఆవిడ వీడియో తీస్తుండగా.

గాలికి ఎదురు నిలబడి రోటర్‌ను వెనక్కి వాల్చి పట్టుకోండి. రెక్కలు విడివిడిగా కనపడకుండా పోయేదాకా వదలొద్దు. పరిగెత్తాల్సి వస్తే పరిగెత్తండి.

రెక్క అతికించకండి, కొత్తది చేయండి. మూడూ ఒకే బరువు ఉండాలి, బరువు సరిగ్గా తూగే చోటు కూడా మూడిట్లో ఒకటే కావాలి. బోల్టు బిగువు ఎంతంటే, మోడల్‌ను పక్కకు తిప్పినా రెక్క దానంతట జారకూడదు, వేలితో నెడితే కదలాలి. చివరికి రోటర్ బోల్టుకు దారం కట్టి వేలాడదీయండి. ముక్కు కాస్త కిందికి దిగాలి. నాది పది డిగ్రీలు దిగుతుంది.

వైండింగ్_షాపు:
నిజమే సార్, నేను విమానం విసిరినట్టు విసిరాను. రెండు సెకన్లు కూడా పట్టుకోలేదు.

ఈ మూడు రోజుల్లో చేసింది చెప్తాను. ప్లేటు కోసం కోఠి పోదామనుకున్నా. తీరా చూస్తే మా షాపులోనే ఉంది! మోటార్ స్లాట్లలో తీగ బయటికి రాకుండా వెడ్జ్ కొట్టే గ్లాస్ ఎపాక్సీ షీటు, పాత ప్లేటు పక్కన పెడితే మందం అంతే. పదేళ్లుగా దాని మీదే టీ గ్లాసు పెడుతున్నా. పాత ప్లేటు గీత గీసుకుని కోశాను. మిగిలిన రెండు రంధ్రాల దగ్గర కూడా తెల్లటి చారలు కనపడ్డాయి, అవి కూడా పోయేవే.

రెక్కల్ని బంగారం కొట్టులో తూచాను. సేటు నవ్వాడు. బాగున్నాయనుకున్న రెండిట్లో ఒకటి 1.3 గ్రాములు ఎక్కువ. మూడూ కొత్తవే చేశాను. మాస్టుకు అరాల్డైట్ పెట్టి దారం చుట్టి వార్నిష్ పూశాను, అది మాకు చేతి విద్యే.

వేలాడదీస్తే మాత్రం ముక్కు దిగలేదు, తోకే దిగింది. మాస్టు అతికించేటప్పుడు ముందుకు జరిగినట్టుంది. బ్యాటరీని ఇంకా ముందుకు తోయడానికి చోటు లేదు. మాస్టు మళ్లీ ఊడదీయాలా, ముక్కులో సీసం పెట్టాలా?

పాతరెక్క:
ఊడదీయండన్నా. సీసం మోసుకుంటూ ఎన్నాళ్లు ఎగురుతుంది.