సరళీవరసలు మూడో కాలంలో చెడుతున్నాయి, సాధన ఎలా చెయ్యాలి?

ప్రశ్న
మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. షాపులో లెక్కలు రాస్తాను. పెళ్లయి పిల్లలు పెద్దయ్యాక ఇప్పుడు ఫిడేలు మొదలెట్టాను. రోజూ కుదరక ఆదివారం మూడు గంటలు ఒకే బిగిన సరళీవరసలు (మొట్టమొదట నేర్పే స్వరాల పాఠాలు) వాయిస్తున్నాను. మొదటి, రెండో కాలాలు బాగానే వస్తున్నాయి. మూడో కాలంలో, అంటే మొదటిదానికి నాలుగింతల వేగంలో, గాంధారం (గ) శ్రుతి తప్పుతోంది. ఇంకా ఎక్కువసేపు కూచోవాలా?

జవాబు (కోట దగ్గర నుంచి)
వద్దమ్మా. ఆ మూడు గంటల్నే రోజుకో పాతిక నిమిషాలుగా పంచుకోండి. ఆదివారం వేలికి పట్టుబడినది మళ్లీ ఆదివారం దాకా నిలవదు.

గాంధారమే ఎందుకు చెడుతోందో చూడండి. సరళీవరసలు వాయించే రాగం మాయామాళవగౌళలో శుద్ధ రిషభం (రి) షడ్జమం (స) పక్కనే ఉంటుంది, చూపుడువేలు తంతి మొదట్లోనే పడుతుంది. అంతర గాంధారానికి మధ్యవేలు అక్కడి నుంచి బాగా చాచాలి. మెల్లగా వాయించినప్పుడు వేలు తక్కువలో పడినా చెవి పట్టుకుని సర్దేస్తుంది. మూడో కాలంలో క్రియకి (తాళంలో ఒక్కో దెబ్బకి) నాలుగు స్వరాలు, సర్దుకునే వ్యవధి ఉండదు. చోటు వేలికే తెలిసుండాలి.

అందుకని వరస మొత్తం మళ్లీ మళ్లీ వాయించకండి. తంబురా శ్రుతి పెట్టుకుని రి గ, రి గ అంతే. కమాను ఈ చివర నుంచి ఆ చివర దాకా నిదానంగా లాగండి. చూపుడువేలు ఎత్తకుండా మధ్యవేలు మాత్రం వేసి తియ్యండి. గాంధారం తంబురాలో కలిసిపోయినట్టు వినబడాలి. తరవాత స రి గ మ, ఆ పైన పూర్తి వరస. పై తంతి మీద ద ని కూడా ఇదే ఎడం, అక్కడా ఇలాగే.

మన ఊళ్లో సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు చెప్పేవారు. 1936లో నాయుడు గారే ప్రిన్సిపాల్ అయ్యారు. నాకు చెప్పిన మాస్టారు అక్కడ చదివినవారే. ఎంత పెద్ద కీర్తన వచ్చినా పొద్దున్న సరళీ వాయించందే ముందుకెళ్లనిచ్చేవారు కాదు. ఆ పట్టు నాకిప్పటికీ ఎంతో ఇష్టం.

జవాబు (శ్రీకాకుళం నుంచి)
నాది గాత్రం. రెండో కాలం నుంచి ఒక్కసారిగా మూడోదానికి దూకకండి. రెండో కాలాన్నే మెట్రోనోమ్‌లో (టిక్‌టిక్‌మని లయ చూపే సాధనం) కొంచెం కొంచెం పెంచండి, స్వరం చెడిన చోట ఒక మెట్టు దిగండి. ఫోన్లో రికార్డు చేసి మర్నాడు వినండి. వాయిస్తున్నప్పుడు వినబడని తప్పు అప్పుడు తెలుస్తుంది.

అడిగినవారు
చాలా సంతోషమండి. నాకు తీరిక రాత్రి తొమ్మిది దాటాకే. పక్క వాటాలో పసిపిల్లాడున్నాడు, ఎలా?

జవాబు (కోట దగ్గర నుంచి)
ఫిడేలు బ్రిడ్జి (తంతులు ఆనే చెక్క) మీద రబ్బరు మ్యూట్ పెట్టండి, శబ్దం బాగా తగ్గుతుంది. అదీ ఎక్కువనిపిస్తే కమాను పక్కన పెట్టి, లోపల స్వరం అనుకుంటూ వేళ్లు మాత్రం వెయ్యండి. పొద్దున్న షాపుకి వెళ్లేముందు ఐదు నిమిషాలు కమానుతో సరిచూసుకుంటే చాలు.